సొంత వెబ్‌సైట్‌లో గూగుల్ యాడ్స్‌తో సంపాదన: మొదటి పేజీ నుంచి బ్యాంకులో డబ్బు పడేదాకా

యాడ్‌సెన్స్‌కి (మన సైట్‌లో యాడ్స్ చూపించి, ఆ ఆదాయంలో మనకి వాటా ఇచ్చే గూగుల్ సేవ) అప్లై చేస్తే ఎందుకు రిజెక్ట్ అవుతోంది, అడ్రస్ వెరిఫై చేసే పిన్ ఇంటికి రాలేదు ఏం చేయాలి, యాడ్స్ వస్తున్నాయి గానీ డబ్బులు రావడం లేదేంటి అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. వీటికి విడివిడిగా జవాబిస్తే పని జరగడం లేదు, ఎందుకంటే ఇందులో సగం ఇబ్బందులు పనులు వరస తప్పి చేయడం వల్ల వచ్చేవే. ముందు యాడ్ కోడ్ పెట్టేసి, ఆ తర్వాత ఏం రాయాలా అని ఆలోచిస్తున్నారు. జనం వెతికే విషయం ముందు, దాని మీద గట్టి పేజీలు తర్వాత, ఆ పేజీలు సెర్చ్‌లో కనిపించడం ఆ తర్వాత, యాడ్స్ చిట్టచివర.

ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా ఒకే సైట్‌ని పట్టుకుందాం. ఖమ్మం వైపు మిర్చి వేసే రైతు ఒకాయన తన సాగు అనుభవాన్ని తెలుగులో రాస్తున్నాడనుకోండి. మీది వంటల సైటైనా, పోటీ పరీక్షల సైటైనా పద్ధతి ఇదే.

## 1. ముందు డబ్బు లెక్క తెలుసుకోండి

యాడ్ ఇచ్చే కంపెనీ గూగుల్ యాడ్స్ ద్వారా పెట్టే ఖర్చులో సగటున 68 శాతం దాకా సైట్ ఓనర్‌కి వస్తుంది. 2024 నుంచి కంటెంట్ పేజీల్లో కనిపించే యాడ్స్‌కి లెక్క క్లిక్‌ల మీద కాకుండా ఇంప్రెషన్ల మీద, అంటే యాడ్ ఎన్నిసార్లు చూపించారన్న దాని మీద నడుస్తోంది. క్లిక్ పడితేనే డబ్బు అన్న పాత మాట పట్టుకుని, జనం చేత ఎలాగైనా నొక్కించాలని చూసేవాళ్లు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి.

మీరు చూడాల్సిన అంకె పేజీ ఆర్‌పీఎం. వెయ్యి పేజీ వ్యూస్‌కి ఎన్ని డాలర్లు వచ్చాయో అది చెబుతుంది. ఉదాహరణకి ఆర్‌పీఎం అర డాలర్ అనుకుందాం. నెలకి 20,000 వ్యూస్ వస్తే 10 డాలర్లు. ఖాతాలో 100 డాలర్లు చేరితేనే గూగుల్ డబ్బు పంపుతుంది కాబట్టి ఈ లెక్కన ఆ మొత్తం చేరడానికే పది నెలలు పడుతుంది. అదే నెలకి 2 లక్షల వ్యూస్ ఉంటే ఒక్క నెలలో చేరిపోతుంది.

తెలుగు పేజీలకి రేటు మామూలుగా ఇంగ్లిష్ పేజీల కన్నా తక్కువ. అయితే అదే తెలుగు పేజీని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని చదివితే రేటు పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి యాడ్ వెనకా ఒక వేలం నడుస్తుంది, చదివేవాళ్లు ఏ దేశంలో ఉన్నారన్నది ఆ వేలంలో పెద్ద లెక్క. మొదటి ఏడాది దీని మీద ఇంటి ఖర్చులు నడపాలని మాత్రం ప్లాన్ చేసుకోకండి.

## 2. అప్లై చేయకముందే సిద్ధంగా ఉండాల్సినవి

- 18 ఏళ్లు నిండిన మనిషి పేరు మీద జీమెయిల్ ఖాతా. పిల్లల సైట్ అయితే అమ్మానాన్నల పేరు మీదే అప్లై చేయాలి.
- సొంత డొమైన్, అంటే మీ పేరు మీద కొనుక్కున్న వెబ్ అడ్రస్. గూగుల్ బ్లాగు సేవ అయిన బ్లాగర్‌లో ఉచిత అడ్రస్‌తో కూడా యాడ్‌సెన్స్ వస్తుంది, కానీ రేపు సైట్‌ని వేరే చోటికి మార్చుకోవాలంటే సొంత డొమైన్ ఉన్నవాళ్లకే సులువు.
- ఫోన్‌లో సరిగ్గా తెరుచుకునే, అడ్రస్ https అని మొదలయ్యే సైట్.
- మా గురించి, సంప్రదించండి, ప్రైవసీ పాలసీ పేజీలు. గూగుల్, ఇతర కంపెనీలు కుకీలు (బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) వాడి యాడ్స్ చూపిస్తాయన్న మాట ప్రైవసీ పాలసీలో తప్పనిసరిగా ఉండాలి.
- మీ పేరు మీదే బ్యాంకు ఖాతా, పాన్ కార్డు.
- పోస్ట్‌మ్యాన్ ఉత్తరం తెచ్చివ్వగలిగే అడ్రస్. ఇది ఎందుకో పదో అంచెలో చెబుతాను.

పేరు విషయంలో ఇప్పుడే జాగ్రత్త పడండి. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు ముందు ఉండి, పాన్‌లో చివర ఉండి, జీమెయిల్‌లో ఇంకేదో పిలుపు పేరు ఉంటే డబ్బులొచ్చే రోజున టెన్షన్ తప్పదు. యాడ్‌సెన్స్‌లో ఇచ్చే పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే ఉండాలి.

## 3. జనం వెతికే మాట పట్టుకోవడం

సంపాదన అంతా ఆధారపడేది దీని మీదే, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

మన మిర్చి రైతు సంగతే చూడండి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ఖమ్మం వైపు తోటల్ని దెబ్బతీసింది. దాని మీద రాసేవాళ్లు హెడ్డింగ్‌లో పురుగు శాస్త్రీయ నామం పెడతారు. పొలంలో నిలబడి ఫోన్ తీసిన రైతుకి ఆ పేరు తెలియదు. ఆయనకి కళ్ల ముందు కనిపించేది రాలిపోతున్న పూత, ముడుచుకుపోయిన ఆకు. ‘మిర్చి పూత రాలిపోతుంది ఏం మందు కొట్టాలి’ అనే అడుగుతాడు, చాలాసార్లు టైప్ కూడా చేయకుండా మైకు నొక్కి నోటితోనే అడుగుతాడు. మీ హెడ్డింగ్, మొదటి పేరా ఆ మాటల్లో ఉండాలి. శాస్త్రీయ నామం లోపల ఒకసారి వస్తే చాలు.

ఇంకో సంగతి. తెలుగువాళ్లు చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతుకుతారు. అలాగని పేజీ అంతా ఇంగ్లిష్ అక్షరాల్లో రాయక్కర్లేదు. పేజీ అడ్రస్‌లో, ఫొటోల వివరంలో, వ్యాసంలో ఒకటి రెండు చోట్ల సహజంగా ఆ రూపం ఉంటే సరిపోతుంది.

మాటలు ఎక్కడ దొరుకుతాయంటే:

- గూగుల్‌లో సగం మాట టైప్ చేసి ఆపండి, కింద వచ్చే సూచనలు రాసుకోండి.
- రిజల్ట్స్ పేజీలో జనం ఇంకా ఏం అడుగుతున్నారో చూపించే ప్రశ్నలు రాసుకోండి.
- ఆ విషయం మీద ఉన్న తెలుగు యూట్యూబ్ వీడియోల కింద కామెంట్లు చదవండి. వీడియోలో జవాబు దొరకనివాళ్లు అడిగే ప్రశ్నలన్నీ అక్కడే ఉంటాయి.

ఒక పేజీలో ఒకే ప్రశ్నకి జవాబు చెప్పండి, పూర్తిగా చెప్పండి. నీలి రంగు జిగురు అట్టలు కట్టమని ఊరుకుంటే చాలదు. ఎంత ఎత్తులో కట్టాలి, ఎన్నాళ్లకి మార్చాలి, మీ తోటలో కట్టాక ఏం కనిపించింది అనేది మీరు తీసిన ఫొటోతో సహా పెట్టండి. ఆ ఫొటో, ఆ అనుభవం వేరే సైట్‌లో ఉండవు. గూగుల్ మీ పేజీని పైకి తేవడానికీ, రేపు యాడ్‌సెన్స్ ఒప్పుకోవడానికీ అదే కారణం అవుతుంది.

డీటీపీ పని తెలిసినవాళ్లు గమనించండి: పాత అను ఫాంట్లలో టైప్ చేసిన మేటర్‌ని అలాగే కాపీ చేసి పెడితే గూగుల్‌కి అది తెలుగులా కాదు, అర్థం లేని గుర్తుల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే రూపంలోకి) మార్చి, అక్షరదోషాలు చూసుకుని పెట్టండి. వ్యాసాన్ని బొమ్మగా చేసి అప్‌లోడ్ చేయడం కూడా ఇలాంటి తప్పే.

యాడ్స్ గురించి ఆలోచించే ముందు ఇలాంటి పేజీలు పాతికో ముప్పయ్యో ఉండాలన్నది నా అభిప్రాయం. యాడ్‌సెన్స్ ఇన్ని పేజీలుండాలని ఎక్కడా అంకె చెప్పదు. అయితే నాలుగు పేజీల సైట్‌ని చూసేవాళ్లకి ఇది నిలబడే సైటా కాదా అన్నది తెలియదు.

## 4. సెర్చ్ కన్సోల్‌లో చేర్చడం

మీ సైట్ గూగుల్ సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్ ఇది. ఉచితం, అరగంట పని.

1. సెర్చ్ కన్సోల్‌లో మీ డొమైన్ చేర్చి, అది మీదేనని వెరిఫై చేయండి.
2. సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా) సబ్మిట్ చేయండి. సైట్లు తయారు చేసుకునే వర్డ్‌ప్రెస్, బ్లాగర్ రెండూ దాన్ని వాటంతటవే తయారు చేస్తాయి.
3. ముఖ్యమైన పేజీల్ని ఒక్కొక్కటిగా తనిఖీ పెట్టెలో ఇచ్చి ఇండెక్సింగ్‌కి (గూగుల్ తన జాబితాలో చేర్చుకోవడానికి) రిక్వెస్ట్ పెట్టండి.
4. కొన్ని వారాలయ్యాక పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, ఏ మాటలకి మీ పేజీ కనిపిస్తోందో చూడండి.

నాలుగోది చాలామంది వదిలేస్తారు. మీ పేజీ ఒక మాటకి బాగా కనిపిస్తూ కూడా ఎవరూ తెరవడం లేదంటే హెడ్డింగ్ మార్చాలి. మీరు అనుకోని మాటకి కనిపిస్తోందంటే దాని మీద కొత్త పేజీ రాయాలి.

## 5. అప్లై చేయడం

సెర్చ్ నుంచి రోజూ కొంతమంది వస్తున్నారని కనిపించాక యాడ్‌సెన్స్‌లో సైన్ అప్ చేయండి. దేశం ఇండియా అని, ఖాతా రకం వ్యక్తిగతం అని ఎంచుకోండి. ఈ రెండూ తర్వాత మార్చుకునే వీల్లేదు కాబట్టి ఆ పేజీలో తొందర వద్దు. ఒక మనిషికి ఒకే ఖాతా ఉండాలి; రెండో సైట్ పెడితే అదే ఖాతాలో చేర్చుకోవచ్చు.

గూగుల్ ఇచ్చిన కోడ్‌ని సైట్ హెడ్ భాగంలో (పేజీ కోడ్‌లో <head> అని ఉండే చోట) పెట్టాలి. వర్డ్‌ప్రెస్ వాళ్లు సైట్ కిట్ అనే గూగుల్ ప్లగిన్ వాడితే థీమ్ ఫైళ్లు ముట్టుకోవాల్సిన పని ఉండదు. తర్వాత యాడ్స్ డాట్ టిఎక్స్‌టి (ads.txt) అనే చిన్న ఫైల్‌ని సైట్ మొదటి ఫోల్డర్‌లో పెట్టండి. అందులో ఉండాల్సిన ఒక్క లైను యాడ్‌సెన్సే ఇస్తుంది, కామా కూడా మారకుండా కాపీ చేయండి. బ్లాగర్ వాడేవాళ్లకి దీనికి సెట్టింగ్స్‌లోనే చోటుంది.

రివ్యూ కొన్ని రోజుల్లో అయిపోవచ్చు, రెండు నుంచి నాలుగు వారాలు కూడా పట్టొచ్చు. ఆ టైమ్‌లో థీమ్ మార్చడం, పేజీలు తీసేయడం లాంటివి పెట్టుకోకండి.

## 6. రిజెక్ట్ అయితే

మెయిల్‌లో కారణం ఒక్క ముక్కలో ఉంటుంది. దాని వెనక సాధారణంగా ఉండేవి ఇవి.

తక్కువ విలువ ఉన్న కంటెంట్ అంటే: వేరే సైట్ల నుంచి తెచ్చినవి, వాటినే అటూ ఇటూ మార్చి రాసినవి, ట్రాన్స్‌లేట్ టూల్‌లో వేసి దిద్దకుండా పెట్టినవి, నాలుగు లైన్ల నోటిఫికేషన్ వార్తలు. వాటిని తీసేయండి లేదా మొదటి నుంచి మళ్లీ రాయండి. అదే రోజు మళ్లీ అప్లై చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సైట్ తెరుచుకోవడం లేదంటే: అడ్రస్ తప్పుగా ఇచ్చి ఉంటారు, లేదా సెక్యూరిటీ ప్లగిన్ గూగుల్ రోబోని (సైట్లు చదివే గూగుల్ ప్రోగ్రామ్‌ని) అడ్డుకుంటూ ఉంటుంది.

నావిగేషన్ బాగాలేదంటే: మెనూలో ఖాళీ కేటగిరీలు, ఎక్కడికీ వెళ్లని లింకులు ఉంటాయి. ప్రతి లింకూ ఫోన్‌లో నొక్కి చూడండి.

పాలసీ ఉల్లంఘన అంటే: సినిమా డౌన్‌లోడ్ లింకులు, వేరేవాళ్ల పుస్తకాల పీడీఎఫ్‌లు, పాటలు. పీడీఎఫ్‌లు పెట్టే స్టడీ మెటీరియల్ సైట్లు ఇక్కడ దెబ్బతింటాయి. ఆ మెటీరియల్ మీరు సొంతంగా తయారు చేసింది కాకపోతే తీసేయండి, మరో దారి లేదు.

## 7. యాడ్స్ ఎక్కడ, ఎన్ని

ఆటో యాడ్స్ ఆన్ చేస్తే గూగులే చోటు చూసుకుని పెడుతుంది. మొదట్లో దానితోనే మొదలుపెట్టండి, కానీ ఎన్ని యాడ్స్ రావాలో జరిపే గీటుని సగం కన్నా కిందే ఉంచండి. పేజీ మారేటప్పుడు తెరంతా కమ్మేసే యాడ్‌ని నేనైతే ఆఫ్ చేస్తాను. పొలంలో అందే అంతంత మాత్రం సిగ్నల్‌తో పేజీ తెరిచినవాడు దాన్ని చూసి వెనక్కి పోతాడు, మళ్లీ రాడు.

కొన్నాళ్లు గడిచాక యాడ్ యూనిట్లు (ఒక్కో యాడ్ చోటు) మీరే చేత్తో పెట్టుకోవచ్చు. జవాబు మొదలయ్యే పేరా తర్వాత ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి చాలు. ఇన్ని యాడ్సే ఉండాలన్న లెక్క లేదు, కానీ పేజీలో మేటర్ కన్నా యాడ్స్ ఎక్కువ కాకూడదన్నది రూల్.

తప్పనిసరిగా చూసుకోవాల్సినవి:

- యాడ్ వచ్చే చోటుకి ముందే ఎత్తు కేటాయించండి. లేకపోతే చదువుతుండగా పేజీ కిందికి జారుతుంది, వేలు పొరపాటున యాడ్ మీద పడుతుంది.
- డౌన్‌లోడ్ బటన్‌కీ మెనూకీ ఆనుకుని యాడ్ పెట్టొద్దు.
- యాడ్ పైన ఏదైనా రాయాలనుకుంటే ప్రకటనలు అని మాత్రమే రాయండి. ఉపయోగపడే లింకులు అని రాస్తే పాలసీ తప్పినట్టే.
- సంప్రదించండి, ప్రైవసీ పాలసీ, 404 (పేజీ దొరకలేదని చూపించే) పేజీల్లో యాడ్స్ ఆపేయండి.
- బ్రాండ్ సేఫ్టీలో బ్లాకింగ్ కంట్రోల్స్ తెరిచి, తొందరగా డబ్బు సంపాదించండి లాంటి కేటగిరీల్ని ఆపండి. అప్పుల్లో ఉన్న రైతులు చదివే పేజీలో అలాంటి యాడ్ కనిపించకూడదు. దానివల్ల కొంత ఆదాయం తగ్గినా సరే.

లండన్‌లో ఉండే తెలుగువాళ్లు, యూరప్‌లో చదువుకునే పిల్లలు మీ సైట్ చూస్తారు కదా, వాళ్లకి కుకీల అనుమతి అడిగే మెసేజ్ చూపించాలి. 2024 జనవరి నుంచి అక్కడ ఇది తప్పనిసరి. యాడ్‌సెన్స్‌లో ప్రైవసీ అండ్ మెసేజింగ్ దగ్గర గూగుల్ సొంత మెసేజ్ ఆన్ చేస్తే పని అయిపోతుంది.

## 8. సైట్ లోపల సెర్చ్ పెట్టె

దీన్ని ప్రోగ్రామబుల్ సెర్చ్ ఇంజిన్ అంటారు. మీ సైట్ అడ్రస్ ఇచ్చి ఒక ఇంజిన్ తయారు చేసుకుని, దాన్ని యాడ్‌సెన్స్‌కి కలిపి, వచ్చిన కోడ్‌ని సైట్‌లో పెట్టాలి. చదివేవాళ్లు అందులో వెతికినప్పుడు రిజల్ట్స్‌తో పాటు వచ్చే యాడ్స్ ఆదాయంలో వాటా వస్తుంది. సెర్చ్ యాడ్స్‌లో సైట్ ఓనర్ వాటా 51 శాతం.

వంద పేజీలు దాటిన సైట్‌కి ఇది పెట్టుకోవచ్చు, చిన్న సైట్‌కి అవసరం లేదు. వెతికే మాట చదివేవాళ్లే టైప్ చేయాలి. పెట్టెలో ముందే మాట నింపి ఉంచడం, సెర్చ్ చేసి మమ్మల్ని సపోర్ట్ చేయండి అనడం రెండూ నిషేధం. దీన్ని డబ్బు కోసం కాకుండా, జనం ఏం వెతికి దొరకలేదో తెలుసుకోవడం కోసం పెట్టుకోమంటాను.

## 9. ఖాతాని పోగొట్టే పనులు

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఒకటే. యాడ్స్ వచ్చాయన్న సంతోషంలో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో లింక్ పెట్టి, అందరూ ఒక్కసారి యాడ్ నొక్కండి అంటారు. బావగారు, పిన్నిగారు, తమ్ముడి ఫ్రెండ్స్ అందరూ ప్రేమగా నొక్కుతారు. ఒకే ఊరు నుంచి, ఒక్కో ఇంట్లో ఒకే వైఫై నుంచి, పేజీ చదవకుండా వరసగా పడ్డ క్లిక్‌లని గూగుల్ పట్టేస్తుంది. ముందు యాడ్స్ చూపించడం తగ్గించేస్తుంది, మారకపోతే ఖాతా మూసేస్తుంది, ఖాతాలో చేరిన డబ్బు యాడ్స్ ఇచ్చినవాళ్లకి తిరిగి పోతుంది. ఒకసారి మూసేస్తే అప్పీల్ పెట్టుకోవచ్చు గానీ, అది ఒప్పుకోకపోతే కొత్త ఖాతా తెరిచే అవకాశం దాదాపు ఉండదు.

- మీ యాడ్ మీరు నొక్కకండి, చెక్ చేయడానికి కూడా. ఎలా కనిపిస్తోందో ఆటో యాడ్స్ ప్రివ్యూలో చూసుకోండి.
- ట్రాఫిక్ కొనకండి. వెయ్యి విజిటర్లు ఇంత అని అమ్మేవాళ్లు పంపేది రోబోల్నే.
- ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

యాడ్స్ పరిమితం చేశామన్న మెసేజ్ వస్తే కంగారు పడి కోడ్ తీసి మళ్లీ పెట్టకండి. ఆ ట్రాఫిక్ ఎక్కడి నుంచి వస్తోందో గూగుల్ అనలిటిక్స్‌లో (సైట్‌కి ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో చూపించే టూల్) చూసి దాన్ని ఆపండి, తర్వాత ఓపిక పట్టండి. పరిమితి సాధారణంగా నెల లోపల ఎత్తేస్తారు.

## 10. పిన్, బ్యాంకు, పన్ను

ఖాతాలో 10 డాలర్లు చేరాక గూగుల్ మీ ఇంటికి ఆరంకెల పిన్ ఉన్న ఉత్తరం పంపుతుంది. కొందరిని దానికి ముందే గుర్తింపు కార్డు అప్‌లోడ్ చేయమంటుంది. ఉత్తరం వచ్చేది మామూలు పోస్టులో, ట్రాకింగ్ ఉండదు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అందుకే అడ్రస్ రాసేటప్పుడు ఆధార్‌లో ఉన్నది యథాతథంగా కాపీ చేయకుండా మీ పోస్ట్‌మ్యాన్‌కి అర్థమయ్యేలా రాయండి: ఇంటి నంబరు, ఫలానా గుడి దగ్గర, ఊరు, పోస్టాఫీసు పేరు, మండలం, పిన్‌కోడ్. వీలైతే ఫోన్ నంబరు కూడా అడ్రస్ లైన్లోనే రాయండి. పల్లెలో ఉన్నవాళ్లు పోస్టాఫీసుకి వెళ్లి, ఇలాంటి కవరు వస్తుంది, దయచేసి పక్కన పెట్టమని చెప్పి రావడం మంచిది.

రాకపోతే మూడు వారాలు ఆగి మళ్లీ పంపమని అడగొచ్చు. నాలుగు నెలల్లో పిన్ ఎక్కించకపోతే యాడ్స్ ఆగిపోతాయి. మూడుసార్లు తప్పు కొట్టినా ఆగిపోతాయి, అందుకే ఒక్కో అంకె చూసుకుంటూ కొట్టండి. అడిగిన ప్రతిసారీ ఉత్తరం దారిలోనే పోతుంటే, గుర్తింపు కార్డుతో వెరిఫై చేసుకునే దారి తర్వాత తెరుచుకుంటుంది.

బ్యాంకు వివరాల్లో ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీతో పాటు స్విఫ్ట్ కోడ్ (విదేశాల నుంచి డబ్బు రావడానికి బ్యాంకుకి ఉండే కోడ్) కావాలి. మీ బ్రాంచికి సొంత స్విఫ్ట్ కోడ్ లేకపోతే విదేశీ లావాదేవీలు చూసే ఏ బ్రాంచి కోడ్ ఇవ్వాలో మేనేజర్‌ని అడిగి రాయించుకోండి, నెట్‌లో దొరికింది పెట్టొద్దు. ఒక నెల ఆదాయం తర్వాతి నెల మొదట్లో ఖరారవుతుంది, 100 డాలర్లు దాటితే 21 నుంచి 26 తేదీల మధ్య పంపుతారు, బ్యాంకులో పడటానికి ఇంకొన్ని రోజులు. రోజూ కనిపించే అంచనా ఆదాయం కన్నా ఖరారైంది కాస్త తగ్గొచ్చు. చెల్లని క్లిక్‌లు తీసేస్తారు.

డబ్బు సింగపూర్ నుంచి వస్తుంది కాబట్టి ఇది ఎందుకొచ్చిన డబ్బు అని బ్యాంకు అడగొచ్చు. వెబ్‌సైట్‌లో ప్రకటనల ఆదాయం అని చెప్పి, పర్పస్ కోడ్ (డబ్బు దేని కింద వచ్చిందో చెప్పే కోడ్) అడిగితే ప్రకటనలకి వాడే పి1007 సరిపోతుందో లేదో వాళ్లనే చూడమనండి.

పన్నుకి సంబంధించి:

- యాడ్‌సెన్స్ పేమెంట్స్ సెక్షన్‌లో అమెరికా పన్ను ఫారం అడిగితే పాన్ నంబరుతో నింపండి. ఖాళీగా వదిలేస్తే అవసరం లేని కోత పడొచ్చు.
- ఈ ఆదాయాన్ని ఇక్కడ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించాలి. డొమైన్, హోస్టింగ్, ఇంటర్నెట్ బిల్లులు ఖర్చు కింద రాసుకోవచ్చు, కాబట్టి రసీదులు దాచండి.
- సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాని దగ్గరికి వస్తుంటే సీఏని కలవండి, విదేశానికి ఇచ్చే సేవ కాబట్టి పన్ను లేకుండా చూపించే పద్ధతి ఉంది.
- డబ్బు పడిన ప్రతిసారీ విదేశం నుంచి వచ్చిందని బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్ అడిగి తీసుకుని, నెలవారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత వెళ్లి పాతవన్నీ ఒకేసారి ఇవ్వమంటే బ్రాంచిలో చాలాసార్లు తిరగాల్సి వస్తుంది.